రాతిముగ్గు ముట్టని చీమలు

మా ఫ్లాటు గుమ్మం ముందు కోడలు ప్లాస్టిక్ ముగ్గు అంటించింది. ఇవాళ పొద్దున్నే చూస్తే దాని మీదుగా చీమల బారు ఆగకుండా పోతోంది. ఆగడానికి అందులో ఏముంది గనక! నాకు తార్నాక గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అరవైల చివర్లో యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతూ తార్నాకలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేదాన్ని. చీమల గూళ్లూ వాటి తిండీ నా ప్రాజెక్టు. క్యాంపస్ మామిడిచెట్ల మీద ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని కాపురం పెట్టేవి, దొరికిన పురుగునల్లా ఈడ్చుకెళ్లేవి. వాటి కాట్లు నా చేతుల నిండా. వంటింటి గోడ పగుళ్లలో ఉండే నల్లచీమలకి ఇంత బెల్లం కనిపిస్తే చాలు. మా వాకిట్లో మాత్రం గింజలు మోసే చీమలు నేలలో గూడు తవ్వుకుని, కన్నం చుట్టూ పొట్టు పోసుకునేవి. ఓనరమ్మ రోజూ బియ్యప్పిండితో ముగ్గేస్తే ఎండెక్కేలోగా సగం ముగ్గు లోపలికి మోసేసేవి. కళ్లారా చూసిందే రికార్డులో రాశాను.

మా సారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీశారు. “గింజల చీమలు పిండి ముట్టవు. ఇది ఫీల్డు వర్కా, వంటింటి కబుర్లా? కొట్టేసి తీసుకురా, సంతకం పెడతాను.” సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. నాకు ఒళ్లు మండింది. “కొట్టెయ్యనండీ. మీరే వచ్చి చూడండి” అన్నాను.

మర్నాడు ఏడింటికి సారు స్కూటర్ మీద వచ్చారు. వాకిలంతా పెద్ద ముగ్గు, తెల్లగా మెరిసిపోతోంది. ఒక్క చీమైనా దాని జోలికి పోవడం లేదు. సారు నవ్వు చూడాలి! ఓనరమ్మను పక్కకి లాగి ఏమైందని అడిగాను. “పెద్ద సారు వస్తున్నడంటివి గద బిడ్డా. పిండితోని ఏస్తే గింత తెల్లగ రాదని ముగ్గురాయి పొడితోని ఏసిన” అంది. ఆవిడ మర్యాద నా కొంప ముంచింది.

“ఇంకేం, కొట్టెయ్యమ్మా” అన్నారు సారు.

“కొట్టెయ్యను. ఇది రాతిపొడి సార్. చీమలకి తెలుసు, మీకే తెలీదు” అనేశాను.

ఓనరమ్మ గబగబా లోపలికెళ్లి బియ్యప్పిండి డబ్బా తెచ్చి, ముగ్గు నడుమ గుప్పెడు పోసి, సారుకు కుర్చీ వేసింది. “కూసోండ్రి సారూ. చాయ్ తాగేలోపు వస్తయి. రాకుంటే అప్పుడు పోండ్రి.”

వచ్చాయి. ముందొకటి, తర్వాత బారు. రాతిగీతల్ని దాటుకుంటూ వచ్చి పిండి దగ్గరే ఆగి, రేణువు రేణువూ కన్నంలోకి మోసుకుపోయాయి. సారు చేతిలో చాయ్ చల్లారిపోయింది. నా రికార్డు అడిగి తీసుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి అక్కడే సంతకం పెట్టారు.

ఆ తర్వాత ‘కొట్టెయ్యి’ అన్నవాళ్లు చాలామందే తగిలారు. అందరికీ కుర్చీ వేసి కాసేపు ఆగమన్నాను. ఇవాళ కూడా, కోడలు లేవకముందే, ఆ ప్లాస్టిక్ ముగ్గు మీద చిటికెడు బియ్యప్పిండి చల్లాను. బారు ఆగింది. అరవయ్యేళ్లు కావస్తోంది, చీమలు నా వాక్యం ఇంకా కొట్టెయ్యలేదు.