డీజిల్ తినే పిల్లలు

డిపోకు రాగానే ఆవిడ మట్టి తీసి వాసన చూస్తుంది. ట్యాంకు కారి డీజిల్ ఇంకిన ఆ నేలలో, నూనెను తినే బ్యాక్టీరియాను పెంచడం ఆవిడ ఉద్యోగం. ఎరువు వేసి, నీళ్లు చల్లి, గాలి ఆడేలా మట్టి తిరగేయిస్తుంది. ఆ బ్యాక్టీరియాను "మా పిల్లలు" అంటుంది. శుభ్రత పిచ్చి ఉన్న మేనేజరు ఒకసారి ఫినాయిల్ చల్లించి సగానికి సగం చంపేశాడు. ఆవిడ మళ్లీ పెంచింది.

ఈరోజు ల్యాబు పరీక్షలో డీజిల్ హద్దు దాటి ఉంటే మట్టంతా తవ్వి పారబోస్తారు. యంత్రం గేటు దగ్గరే ఉంది.

"మీ పిల్లలు తిన్నారా, అలిగి పడుకున్నారా మేడం?" అన్నాడు మేనేజరు.

"శుభ్రంగా తిన్నారు సార్. మీరు ఫినాయిల్ వడ్డించకుండా ఉంటే చాలు."

ల్యాబు నుంచి ఫోనొచ్చింది. డీజిల్ హద్దులోపే ఉంది. మేనేజరే యంత్రాన్ని వెనక్కి పంపాడు. సాయంత్రం ఆ మట్టి నాలుగు బస్తాలు, కారిన ఇంకో ట్యాంకు దగ్గరికి విత్తనంగా బయల్దేరాయి.