బోగోలు బావుల టేపు

1968. మద్రాసులో ఒక పరిశోధన సంస్థ కంప్యూటరు గదిలో నేను టేపుల గుమాస్తాని. రోజూ సూళ్లూరుపేట నుంచి రైల్లో వెళ్లొచ్చేవాణ్ణి. గదంతా నిండిపోయిన ఆ యంత్రాన్ని మెయిన్‌ఫ్రేమ్ అనేవాళ్లం. దాని కోసం పెట్టిన చల్లగాలి సంగతి విని మా వీధివాళ్లు నన్ను చూసి కుళ్లుకునేవాళ్లు.

ఒకరి లెక్కలన్నీ కలిపి ఒక డేటా సెట్. అది టేపు చుట్ట మీద ఉంటుంది. ఏ డేటా సెట్ ఏ నంబరు టేపులో ఉందో చెప్పే జాబితా కేటలాగ్. దాచే గడువు తీరితే ముందు టేపు చెరపాలి, తర్వాతే కేటలాగ్‌లో పేరు తీసేయాలి. చెరిపే పని సోమవారం. అది అయ్యేదాకా ఉండి పేర్లు తీస్తే సాయంత్రం బండి తప్పుతుందని నా ఆత్రం. అందుకని శుక్రవారమే పేర్లు కొట్టేసి, టేపుల మీది చీటీలు పీకి, వాటిని చెరిపే అరలో పడేసి స్టేషనుకు పరుగెత్తేవాణ్ణి. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను.

ఒక శనివారం పొద్దున్నే రూతమ్మ టీచరుగారు వచ్చారు. బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో ఆవిడ బడి. ఒక ప్రొఫెసరుగారి పథకం కింద రెండేళ్లపాటు సైకిలు మీద తిరిగి, చుట్టుపక్కల బావుల నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచి మాకు పంపారు.

“నా లెక్కలు ఒకసారి అచ్చేసి ఇయ్యి నాయనా. మంగళవారం పంచాయతీ కూర్చుంటా ఉండాది. తాగే నీళ్లబావి ప్రెసిడెంటు ఇంటి పక్కన తవ్వాలంటున్నారు. ఎండాకాలం అక్కడుండే పాత బావి నీళ్లు నోట పెట్టలేం. ఉత్త మాట చెప్తే నన్నెవురు లెక్కజేస్తారు? అంకెలు చూపించాల.”

“మీ నోటు పుస్తకాలు లేవా అమ్మా?”

“బడి కప్పు కారి ముద్దయిపోయినాయి.”

జాబితా తీశాను. ఆవిడ పేరు లేదు. గడువు నిన్నటితో తీరింది, నా చేత్తోనే కొట్టేశాను. కొత్త జాబితా రాగానే పాతది చించేయడం మా అలవాటు. అదీ నేనే చించాను. ఆ ఒక్క పనిలో ఎంత శ్రద్ధో చూడండి!

“లెక్కలు ఉండాయమ్మా. ఏ టేపులో ఉండాయో తెలీదు.”

“ఏందయ్యా ఆ మాట? బిడ్డ ఉండాది, ఏ ఇంట్లో వదిలేసినానో తెలీదన్నట్టుండాది!”

అరలో ఇరవై మూడు టేపులు, చీటీ లేకుండా అన్నీ ఒకేలా. టేపు లోపల పేర్లుండవు, అంకెలే. మా పెద్దాయన శేషాద్రిగారు తిట్టవలసినంతా తిట్టి, మధ్యాహ్నం రెండు గంటలు యంత్రం ఇచ్చారు. ఒక్కో టేపు ఎక్కించి, మొదటి వరస అచ్చు తీసి, టీచరుగారి చేతికిచ్చాను.

“మొదటిది రెండొందల పన్నెండు ఉండాల” అన్నారావిడ. “మా బడి బావి. నేను కొలిచిన మొట్టమొదటి బావి, మరిచిపోతానా?”

ఒకటోది కాదు. ఆరోది కాదు. పన్నెండోది తెగి, అతికించేసరికి అరగంట పోయింది. గడియారం చూడటం మానేశాను. పదిహేడో కాగితం మీద ఆవిడ వేలు ఆగింది.

“ఇదే! రెండొందల పన్నెండు. దాని పక్కన చూడు, తొమ్మిదొందల నలభై. అదే ప్రెసిడెంటు ఇంటి పక్క బావి.”

నాకు ఏడుపొచ్చినంత పనయింది. మొత్తం అచ్చు తీసిచ్చి, ఆ టేపుకు ఇంకో ఏడాది గడువు రాయించి, పేరు మళ్లీ కేటలాగ్‌లో ఎక్కించాను. ఆవిడ కాగితాలు సంచిలో పెట్టుకుని అర వైపు చూశారు.

“మిగతాయన్నీ ఎవురివి?”

“తెలీదమ్మా.”

“చెరిపే ముందు వాళ్లనడిగినావా?”

ఆ వారం నుంచి టేపు గడువు తీరబోయే ప్రతివాళ్లకీ ఒక కార్డు ముక్క రాయడం మొదలుపెట్టాను, చెరపమంటారా అని. “పెళ్లి పిలుపులా?” అని శేషాద్రిగారు ఎగతాళి చేసేవారు.

మరుసటేడు రూతమ్మగారి జవాబు వచ్చింది. “చెరిపేయి నాయనా. బావి ఊరి పడమటి మిట్ట మీద తవ్వినారు. నీళ్లు తియ్యగా ఉండాయి.”

ఆ సోమవారం ముందు టేపు చెరిపాను. అది ఖాళీ అయిందని చూసుకున్నాకే కేటలాగ్‌లో పేరు తీశాను. సాయంత్రం బండి తప్పిపోయింది. గడువు తీరడం వేరు, మనిషికి దానితో పని తీరడం వేరు. రిటైరయ్యేదాకా కార్డులు రాస్తూనే ఉన్నాను.