టేపు వేసిన అద్దం

పెద్దలెవరైనా సైన్సు ప్రదర్శన చూడవస్తే ల్యాబ్ ఆయాను తెర వెనక్కి పంపడం ఆ బడిలో పద్దెనిమిదేళ్ల రివాజు. ఆమె ప్రతిసారీ వెళ్లి నిలబడేది. వెలుగును రంగులుగా విడదీసే గాజు పట్టకాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేదీ, కిటికీ ఎండను అద్దంతో దాని మీదికి మళ్లించేదీ ఆమే. ఈసారి అద్దం కదలకూడదని సైన్సు మాస్టారు టేపుతో బిగించేశారు. సూర్యుడు ఆగలేదు. న్యాయనిర్ణేతలు బల్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద రంగులు మాయం.

"ఇందాక ఉన్నాయి సార్..." ప్రాజెక్టు చేసిన పిల్ల కాగితాన్ని అటూ ఇటూ జరిపింది. ఆయా తెర తోసుకుని వచ్చింది.

"నిన్నెవరు రమ్మన్నారు?" మాస్టారు పళ్లు నూరారు.

"ఎండ జరిగిపోయింది సారూ, అద్దం జరగొద్దూ?" అంటూ ఆమె టేపు పీకి, అద్దాన్ని రవ్వంత తిప్పింది. ఏడు రంగులూ కాగితం మీద విచ్చుకున్నాయి.

"ఎవరు అమర్చారిది?" అని ఒక న్యాయనిర్ణేత అడిగితే, "మా పిల్లలే," అన్నారు మాస్టారు. ఆయా తల దించుకుంది.

మీ పిల్లల ప్రదర్శనకు వెళ్తే, చప్పట్లు కొట్టే ముందు అద్దం తిప్పిన చెయ్యి ఎవరిదని గట్టిగా అడగండి. నిజం చెప్పేదాకా అక్కణ్నించి కదలకండి.