ముత్యం మీద మోపిన నేరం

పెళ్ళి ముహూర్తం చూసే నీటి గిన్నెలోకి కూతురి నగలోంచి ముత్యం జారి, అడుగు చిల్లు మూసుకుపోయిందట. నీళ్ళు ఎక్కి సరిగ్గా ముహూర్తానికి మునగాల్సిన గిన్నె మునగలేదు, ఘడియ దాటిపోయింది, పిల్ల బతుకు బుగ్గిపాలైంది. ఆమెను ఓదార్చడానికి తండ్రి లెక్కల పుస్తకం రాసి, దానికి ఆమె పేరే పెట్టాడట. పన్నెండో శతాబ్దపు ఆ గణితవేత్త గురించి అందరూ చెప్పే కథ ఇదే. నేను ఒప్పుకోను. గ్రహణాల వేళలు కట్టినవాడు, సున్నాతో భాగిస్తే అంతులేనిది వస్తుందన్నవాడు, గిన్నెలోకి ఒక్కసారి తొంగి చూడలేకపోయాడా? అసలు ఆయన రాతల్లో ఈ కథే లేదు. వందల ఏళ్ళ తర్వాత పారశీక అనువాదంతో వచ్చి చేరింది.

తొంభైల్లో దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేమున్న విల్లాలో పక్క పోర్షన్ పిల్లతో ఈ వాదన పెట్టుకున్నాను. కరీంనగర్ వైపు పిల్ల. పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో, భర్త అల్ ఖోర్ రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు. వీసా రద్దయ్యేలోగా అత్తగారింటికి వెళ్ళిపోవాలి. మధ్యాహ్నాలు ఏసీ నీళ్ళు బకెట్‌లో పడుతుంటే కదలకుండా చూస్తూ కూర్చునేది. ఆ చుక్కల చప్పుడు నన్నింకా వదల్లేదు.

“మా అత్త ఫోన్ల ఏమన్నదో ఎర్కేనా అక్కా? ‘పీటల మీదికి ఆలస్యంగ వచ్చినవ్, లగ్నం తప్పింది, నా కొడుకును మింగినవ్’ అన్నది.”

“పెళ్ళినాడు అందా ఆ మాట?”

“లే.”

“ఆ తర్వాతెప్పుడైనా?”

“లే అక్కా. పప్పుల ఉప్పు తక్కువైందన్నది, గంతే.”

“చూశావా! మనిషి పోయాక తప్పిన లగ్నం అది. ముత్యం కథా అంతే. పుస్తకం తెరిస్తే తుమ్మెదలు, తామరలు, వాటి లెక్కలు. ముహూర్తం ఏడుపు ఒక్కటీ లేదు. ఎవరో తర్వాత తెచ్చి ఆ పిల్ల నెత్తిన పెట్టారు.”

ఆమె లేచి, నిండిన బకెట్ పారబోసి వచ్చింది.

“మీకు నోరున్నది అక్కా. ఆ ఇంట్ల నేనొక్కదాన్నే ఉండాలె.”

“నా నోరు నీకు అరువివ్వలేను కదా, నేర్చుకో. ‘అత్తమ్మా, పెళ్ళినాడు ఎందుకనలే?’ అని అడుగు. ఒక్క ముక్క చాలు.”

పెదవులు కదిలాయి. గొంతు మాత్రం రాలేదు. మరుసటి వారం విమానమెక్కింది.

ఆ పోర్షన్‌లోకి వేరే కుటుంబం దిగింది. వాళ్ళ సోఫాలో కూర్చుని చాయ్ తాగుతున్నా, ఎదుట నాకు ఆ పెదవులే కనిపించేవి. ఆమె నుంచి ఏ కబురూ రాలేదు. అత్తగారి ఎదుట నిలబడి ఆ ఒక్క ముక్క అడిగిందా? అడగనిచ్చారా?