షట్టరు మీద మా మేనత్త

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం బెజవాడ వన్ టౌన్‌కి వెళ్ళాను. కళ్ళజోడు కొలత మార్పించుకుందామని. ఆదివారం ఆ దుకాణం తీయరన్న సంగతి అక్కడికి వెళ్ళాక గాని గుర్తుకు రాలేదు. పత్రికాఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆదివారం అంటే అనుబంధం వచ్చే రోజు. రిటైరయ్యాక అన్నీ ఆదివారాలే. తిరిగి వస్తుంటే ఒక సందులో కాలేజీ పిల్లలిద్దరు మూసి ఉన్న షట్టరు ముందు ఫొటోలు తీసుకుంటున్నారు. షట్టరు నిండా బొమ్మ. ఒక తోపుడుబండి, దాని మీద బస్తాలకు బదులు కిక్కిరిసి నిలబడ్డ కొంగలు. "ఇది బాంబే ఆర్టిస్టు వేశాడంట," అంటున్నాడు అబ్బాయి. "కాదు, కేరళ. నేను చదివాను," అంటోంది అమ్మాయి. నన్ను చూసి, "అంకుల్, ఎవరేశారో మీకేమైనా తెలుసాండీ?" అని అడిగింది. జీవితమంతా వార్తలు రాసినవాణ్ణి కదా, అబద్ధం నోటికి రాలేదు. "ధ్రువీకరించలేనమ్మా," అని వచ్చేశాను.

వేసినవాడు బాంబేవాడూ కాదు, కేరళవాడూ కాదు. హనుమాన్ జంక్షన్ దగ్గరి మా మేనత్త కొడుకు. నాకంటే చాలా చిన్నవాడు, వరసకి బావమరిది. పేరు రాయనని వాడికి మాట ఇచ్చాను కనుక ఇక్కడా రాయను.

మా మేనత్త మిషన్ స్కూల్లో టీచరుగా చేసింది. చిన్న వయసులోనే భర్త పోయాడు. తెల్లచీర, బోసి నుదురు, కింద స్థాయిలో మొదలుపెట్టినా చర్చి కప్పు దాకా వెళ్ళే గొంతు. ఊరి చర్చిలో పాటల బృందం ఆవిడదే. పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపైనా సాగనిచ్చేది గాని, పాటలో ఎవరైనా అరక్షణం వెనకబడితే మాత్రం ఊరుకునేది కాదు. "వరి నాట్లు వేస్తున్నారా, పాట పాడుతున్నారా?" అని అందరిముందే అడిగేది. హైవే మీద లారీ హారన్ కొడితే ఆ లారీవాడి వైపు కూడా, శ్రుతి తప్పాడన్నట్టు, ఒక చూపు చూసేది.

ఆ బృందంలో మా బావమరిది బేస్ గిటారు వాయించేవాడు. అది మామూలు గిటారు కాదు. లావు తీగలు నాలుగే ఉంటాయి. పాట వినేవాళ్ళెవరూ దాన్ని వినరు. అది ఆగిపోతే మాత్రం, పందిరిలో ఒక గుంజ లాగేసినట్టు, ఏదో కుంగిందని అందరికీ తెలుస్తుంది. వాడి స్వభావానికి సరిపోయిన వాద్యం. పెళ్ళిళ్ళలో ఫొటో తీస్తుంటే స్తంభం వెనక నిలబడే రకం వాడు.

ఇంజనీరింగ్ చదవడానికి విజయవాడ వచ్చి, చదువు తప్ప మిగతావన్నీ చేశాడు. రాక్ బ్యాండ్ ఒకటి కట్టారు. జుట్టు భుజాల దాకా పెంచారు. మా ఇంటికి భోజనానికి వస్తే మా ఆవిడ వాళ్ళకు వడ్డించి, "కొబ్బరినూనె కూడా ఇవ్వమంటారా?" అని అడిగేది. హైదరాబాదు, బెంగళూరు తిరిగారు, కాస్త పేరు వచ్చింది. ఒకసారి నేనూ వెళ్ళి విన్నాను. పాటలో ఒక్క మాట అర్థం కాలేదు గాని, వాడి వాయింపు మాత్రం చెవితో కాకుండా కడుపుతో విన్నట్టు అనిపించింది. పేరుతోపాటు మందు కూడా వచ్చింది. మిగతావాళ్ళు తాగి, మర్నాడు పనిలో పడేవాళ్ళు. వీడికి మర్నాడూ అదే పని. చాలా కాలం తర్వాత ఎందుకురా అని అడిగితే, "బేస్ వాయించేవాడు వెనక నిలబడతాడు కదా, భయం ఉండదనుకున్నా బావా. లైట్లు వెనక్కి కూడా వస్తాయి," అన్నాడు.

ఒక క్రిస్మస్‌కి ఇంటికి వచ్చాడు. వాడు వాయిస్తాడని ఊరంతా ఎదురుచూసింది. వాడు తాగిన స్థితిలోనే వచ్చి నిలబడ్డాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేసరికి, వీడు గిటారుతో సహా స్పీకరు మీదికి ఒరిగి నిద్రపోయాడు. స్పీకరు గేదె అరిచినట్టు అరవడం మొదలుపెట్టింది. పిల్లలు నవ్వారు, పెద్దలు తలలు వంచుకున్నారు. మా మేనత్త వెళ్ళి స్పీకరు వైరు పీకేసి, తన చోటుకి వచ్చి నిలబడి, బేస్ లేకుండానే పాట పూర్తి చేయించింది. ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే ఇంట్లోకి రానివ్వలేదని కాదు. వస్తే అన్నం పెట్టేది. చెప్పాల్సిన మాటలు ఆ గదిలో ఉన్న మరెవరికైనా చెప్పేది. ఎవరూ లేకపోతే కుర్చీకి చెప్పేది. "కుర్చీగారూ, పులుసు చల్లారిపోతోందని చెప్పండి." నేను ఎన్నోసార్లు ఆ కుర్చీ ఉద్యోగం చేశాను. "అత్తా, చాల్లే, వాడితో ఒక్క మాట మాట్లాడు," అంటే, "దేవుడి ఎదుట జరిగిందిరా అబ్బాయ్. ఆయన చూసుకున్నాక నేను చూస్తా," అనేది. వాడు రావడం తగ్గించాడు. తర్వాత మానేశాడు. వాడికి ఆ మౌనం ఎంత బరువో మా అందరికీ తెలుసు. మందు వల్ల బ్యాండ్ పోయినప్పుడు ఏడవనివాడు, పండక్కి తల్లికి ఫోన్ చేసి, ఆవిడ ఎత్తి ఏమీ మాట్లాడకుండా పక్కింటావిడకి ఇచ్చేస్తే, మా వరండాలో కూర్చుని ఏడ్చాడు.

మందు మాన్పించే ఆసుపత్రిలో కొంతకాలం ఉండి వచ్చాక, ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసే షెడ్డులో చేరాడు. చేతులు వణికేవి. మొదట్లో వాడు వేసిన నెమళ్ళన్నీ చలిజ్వరం వచ్చినట్టుండేవని వాడే చెప్పి నవ్వేవాడు. మెల్లగా గీత నిలబడింది. ఇబ్రహీంపట్నంలో గది తీసుకున్నాడు; మేడ మీద ఆరేసిన బట్టలకు థర్మల్ స్టేషన్ బూడిద పడే చోటు. ఆ బూడిదే ఎత్తి బూడిదరంగులో కలుపుకునేవాడు. వాడు ఇంకేమేం చేస్తున్నాడో మాకెవరికీ తెలియదు.

అప్పుడు నేను సిటీ డెస్కులో ఉన్నాను. వన్ టౌన్ షట్టర్ల మీద ఎవరో ఆదివారాల్లో బొమ్మలు వేసి పోతున్నారని మా రిపోర్టరు వార్త తెచ్చాడు. ఆ బొమ్మల తమాషా ఏమిటంటే, దుకాణం తీస్తే కనపడవు. పగలంతా చుట్ట చుట్టుకుని పైన పడుకుని, కొట్టు కట్టేశాకే కిందికి దిగుతాయి. మొదట తిట్టిన వ్యాపారులే, తర్వాత మా కొట్టుకి ఎప్పుడు వేస్తాడని ఎదురుచూస్తున్నారట. రిపోర్టరు తెచ్చిన ఫొటోలు తిరగేస్తుంటే ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగింది. సాంబ్రాణి, పసుపు అమ్మే హోల్‌సేల్ కొట్టు షట్టరు. తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, బూడిదరంగు జుట్టు, నోరు తెరిచి పాడుతోంది, చెయ్యి ఎత్తి తాళం వేస్తోంది. మా మేనత్త!

ఆ ఆదివారమే వెళ్ళి పట్టుకున్నాను. నిచ్చెన మీద ఉన్నాడు. కిందికి దిగి, రంగు చేతులు వెనక్కి పెట్టుకుని, "పేరు వేస్తే మానేస్తా బావా. మళ్ళీ స్టేజీ ఎక్కినట్టే," అన్నాడు. వేరే షట్టరు ఫొటో వేశాం, పేరు వేయలేదు. "మరి అత్త బొమ్మ ఎందుకు వేశావురా?" అంటే, "ఇక్కడైతే నావైపు చూస్తుంది కదా," అన్నాడు.

ఆ తర్వాత దసరా వచ్చింది. బెజవాడలో దసరాకి తక్కెడ, సుత్తి, స్కూటరు, చివరికి క్యాలిక్యులేటరు కూడా బొట్టు పెట్టించుకోవాల్సిందే. సాంబ్రాణి కొట్టు వాళ్ళు పూజ చేసి, కొట్టు కట్టేసి, అలవాటు ప్రకారం షట్టరుకీ పసుపూ కుంకుమా పెట్టారు. షట్టరు మీద ముఖం ఉంది కనుక, ముఖానికే పెట్టారు. దండ కూడా వేశారు. దారిన పోయేవాళ్ళు ఎవరో అమ్మవారనుకుని ఆగి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. మా ఫొటోగ్రాఫరు చూసి ఊరుకుంటాడా! మర్నాడు పేపర్లో వచ్చింది.

పొద్దున్నే ఫోన్. "ఒరేయ్ అబ్బాయ్, నా ముఖానికి బొట్టు ఎవడు పెట్టాడ్రా?"

"అత్తా, అది..."

"అది నా ముఖం కాదని మాత్రం చెప్పకు. దవడ కింది పుట్టుమచ్చతో సహా దింపాడు. ఎప్పుడు చూడొచ్చు?"

కొట్టు మూసి ఉన్నప్పుడే కనపడుతుంది, ఆదివారం తప్ప కుదరదని చెప్పాను. జ్వరంలో కూడా ఆదివారం ఆరాధన తప్పని మనిషి. "సరే, ఆదివారమే వస్తా," అని పెట్టేసింది.

బస్టాండు నుంచి ఆటోలో తీసుకొచ్చాను. షట్టరు ముందు నిలబడి చూస్తూ ఉండిపోయింది. పైన కాపురముంటున్న కొట్టు యజమాని ఆవలిస్తూ మెట్లు దిగి, ఆవిణ్ణి చూశాడు, షట్టరు వైపు చూశాడు, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. నెమ్మదిగా చెప్పులు విడిచాడు.

"చెప్పులేసుకోండి బాబూ," అంది మా మేనత్త. "నేను రిటైరైన టీచర్ని."

యజమాని భార్య కంగారుగా తడిగుడ్డ పట్టుకొచ్చింది. "తెలీక పెట్టామండీ, తుడిచేస్తానండీ."

"ఉండనివ్వమ్మా. పెట్టింది బొమ్మకే కదా."

మా బావమరిది సందు చివర మరో షట్టరు దగ్గర ఉన్నాడు. తల్లిని చూసి, కుంచె పట్టుకుని నాలుగడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు. నావైపు తిరిగి, "చెయ్యి తప్పు వేశాడని చెప్పు," అంది. నేను కుర్చీ ఉద్యోగానికి సిద్ధమై నోరు తెరిచానో లేదో, ఆవిడకు ఆగలేదు. పాట తప్పితే వచ్చే కోపం అది. దానికి మధ్యవర్తులు పనికిరారు.

"ఒరేయ్! నేను కుడిచేత్తో తాళం వేయడం ఎప్పుడు చూశావురా? కుడిచేతిలో పాటల పుస్తకం ఉండదూ?"

ఎంతో కాలం తర్వాత తనతో అన్న మొదటి మాట తిట్టే అయినా, వాడు మిగతా అడుగులూ వేసి దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి చూళ్ళేదమ్మా. తల వంచుకుని వాయించేవాణ్ణి. చప్పుడు విన్నానంతే."

"చప్పుడు కుదిరింది గాని బొమ్మ కుదర్లేదు. దిద్దు."

"ఇప్పుడా?"

"మళ్ళీ ఆదివారం ఆరాధన మానమంటావా?"

యజమాని స్టూలు తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చుని, కొంగు సర్దుకుని, ఎడమచెయ్యి గాలిలోకి ఎత్తి పట్టుకుంది. వాడు నిచ్చెన ఎక్కి తల తిప్పి ఆ చేతివైపు చూశాడు. రంగు ఆరేదాకా మళ్ళీ వేయడానికి లేదు, ఆగాలి. ఆగినప్పుడల్లా వాడు దిగివచ్చి పక్కన కూర్చుంటే, యజమాని భార్య ఇచ్చిన టీ తాగుతూ మా మేనత్త వాణ్ణి ఏదో ఒకటి అడిగేది: ఎక్కడ తింటున్నావు, ఆ గడ్డమేమిటి, గోళ్ళలో ఆ రంగు పోతుందా. వాడు ఒక్కొక్క మాటే జవాబు చెప్పేవాడు. పోయిన ఏళ్ళ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పోయిన కాలాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. రంగు ఆరే వేళ దాని పక్కన కూర్చుని టీ తాగడం మాత్రం అవుతుందని, ఆ పూట ఆ సందులో నిలబడి చూశాను.