చేటెడు తవుడు

మొన్న పొద్దున పేపరు లోపలి పేజీలో ఒక చిన్న వార్త కనిపించింది. దత్తత కేసుల్లో బిడ్డ మేలే ముఖ్యమనీ, అందుకోసం అవసరమైతే కోర్టు నియమాలను కాస్త సడలించవచ్చనీ ఏదో కోర్టు అన్నదట. నాలుగు వాక్యాల వార్త. కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చదువుతూ కూర్చున్నాను. "ఏముంది దాంట్లో, మీ పింఛను పెంచినారా?" అని మా ఆవిడ అడిగింది. లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. రిటైరై ఇన్నేళ్ళయినా కోర్టు మాట వింటే నా కాళ్ళు ఒకచోట నిలవవు.

ఆదోని కోర్టులో దాఖలైన పిటిషన్లను సరిచూడడం నా పని. పేజీకి నంబరు లేకపోయినా, సంతకం పక్కన తేదీ లేకపోయినా, లోపం రాసి, ఏడు రోజుల్లో సరిచేసి తెమ్మని ముద్ర వేసి వాపసు చేసేవాణ్ణి. వకీళ్ళు నా వెనక నన్ను 'వాపసు సారు' అనేవారు. నాకు తెలుసు. కోపం రాకపోగా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. మా నాన్న పత్తి మండీలో హమాలీ. ఆయన కొడుకు సంతకం పడనిదే పెద్ద పెద్ద వకీళ్ళ కాగితం కదలదంటే గర్వం ఉండదా? ఆ సంతకమూ రెండు ఇంగ్లీషు అక్షరాలే. పూర్తి పేరు రాయడం కాలేజీ రోజుల్లోనే మానేశాను. కారణం తర్వాత చెబుతాను.

ఒక వేసవిలో నా బల్ల మీదికి ఆ దత్తత పిటిషను వచ్చింది. రెండేళ్ళ ఆడపిల్ల. అమ్మా నాన్నా ఒకే రోడ్డు ప్రమాదంలో పోయారు. మిగిలింది తల్లిని కన్న అవ్వ. ఆ అవ్వ చిన్నకూతురు, అంటే పిల్లకు చిన్నమ్మ, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి కోడలు. ఆమెకు పిల్లల్లేరు, పెంచుకుంటానంది. తల్లిదండ్రులు లేని బిడ్డను దత్తత ఇవ్వాలంటే కోర్టు అనుమతి కావాలి. ఇచ్చే మనిషి వచ్చి నోటితో చెప్పాలి. ఆ ఇచ్చే మనిషికేమో గుండె జబ్బు. డాక్టరు నెలల మాట కాదు, వారాల మాట చెప్పాడు. ఈలోపల అవ్వ పోతే ఇచ్చే చెయ్యే ఉండదు, అంతా మళ్ళీ మొదటినుంచి.

అలాంటి పిటిషన్ను నేను మూడుసార్లు వాపసు చేశాను. మొదట మరణ ధ్రువపత్రం నకలు మసకగా ఉందని. తర్వాత ఫొటో మీద సంతకం లేదని. మూడోసారి పిల్లకు రెండు పేర్లున్నాయని. జనన పత్రంలో ఒక నాజూకైన కొత్తకాలం పేరు, అంగన్‌వాడీ పుస్తకంలో తిప్పమ్మ. ఆ రెండో పేరు ఎలా వస్తుందో నాకు బాగా తెలుసు. తెలిసీ లోపమని రాశాను. ప్రతిసారీ చిన్నమ్మ పిల్లను చంకనేసుకుని ఎమ్మిగనూరు బస్సు దిగేది. "అన్నా, మాయమ్మకు ఆయాసం ఎక్కువైతాంది. ఇంగ ఎన్ని తూర్లు రావల్ల?" అనేది. నేను ముద్ర తీసేవాణ్ణి. పిల్ల దాన్ని లాక్కుని తన పొట్ట మీద గుద్దుకునేది. ఏడు రోజుల్లో సరిచేసి తెమ్మని పొట్ట మీద రాసుకునే బస్సెక్కేది.

చివరికి వేసవి సెలవులకు ముందు ఆఖరి పనిదినాన కేసు పిలిచారు. వాంగ్మూలం రాసే గుమాస్తా రాకపోవడంతో ఆ రోజు ఆ పని నాకు పడింది. అవ్వ ఆటోలోంచి దిగలేకపోయింది. హాలుకు పన్నెండు మెట్లు. బోనెక్కలేకపోతే సెలవుల తర్వాతి వాయిదా. అదీ పద్ధతి, ఆ మాట నా నాలుక చివరనే ఉంది. జడ్జిగారు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసావిడ. "ఆవిడ ఎక్కలేకపోతే మనమే దిగుదాం పదండి" అని లేచారు. కోర్టంతా ఆటో చుట్టూ చేరింది. డ్రైవరు బెదిరిపోయి లైసెన్సు తీసి పట్టుకున్నాడు.

అన్నీ సవ్యంగా చెప్పింది అవ్వ. ఆఖరున అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. బిడ్డకు ప్రతిఫలం పుచ్చుకుంటే నేరం, దత్తత చెల్లదు. "బిడ్డను ఇస్తున్నందుకు డబ్బుగానీ, వస్తువుగానీ ఏమైనా తీసుకున్నారా అమ్మా?" అన్నారు జడ్జిగారు.

"తీసుకుంటిమి తల్లీ. పుట్టిన దినమే అమ్మినాము. సేటెడు తవుడుకు. అబద్దమెందుకు సెప్పల్ల?"

వకీలు తల పట్టుకున్నాడు. చిన్నమ్మ పిల్లను గట్టిగా అదుముకుంది. "అమ్మారా?" అన్న జడ్జిగారి గొంతు మారింది. కలం నా చేతిలో ఉంది. ఆ ఒక్క మాట రాస్తే పిటిషను అక్కడే పోతుంది. పాతికేళ్ళ ఉద్యోగంలో అడగనిదే నోరు విప్పినవాణ్ణి కాదు. ఆ రోజు విప్పాను.

"మేడమ్, ఇది మా దిక్కు ఆచారం. వరసగా బిడ్డలు పోతాంటే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పండబెడతారు. దాన్ని తిప్ప అంటాము. పక్కింటామె చేటలో తవుడు తెచ్చిచ్చి కొంటుంది. కొని, మళ్ళీ తల్లికే సాకమని ఇస్తుంది. పరాయి బిడ్డ అనుకుని చావు పక్కకు పోతుందని. ఆడపిల్లయితే తిప్పమ్మ, మగపిల్లోడయితే తిప్పన్న." అక్కడ ఆగాను. ఆగితే చాలదనిపించింది. "హాజరు పట్టీలో నా పేరు పూర్తిగా చూడండి మేడమ్. నన్నూ తవుడుకే అమ్మినారు."

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. అవ్వ ఆయాసపడుతూనే నన్ను ఎగాదిగా చూసింది.

"తెల్సీ యాల ఏడిపిస్తివప్పా?"

అవ్వ వాంగ్మూలం మొత్తం రాశాను, ఆ ప్రశ్న తప్ప.

"రెండు పేర్ల గురించీ, ఆచారం గురించీ అఫిడవిట్ ఇక్కడే రాయించండి. ఈ రోజే ఆర్డరు ఇస్తాను. టైపు అయ్యేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళొద్దు" అన్నారు జడ్జిగారు. ఆర్డరు నా దగ్గరికి వచ్చినప్పుడు రెండో పేజీకి నంబరు లేదు. పెన్ను తీసి నేనే వేశాను. కాగితం అందగానే అవ్వ ఆ ఆటోలోనే పిల్లను ఎత్తి కూతురి ఒడిలో పెట్టింది. ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

సెలవుల్లో పదకొండో రోజున అవ్వ పోయింది.

పిల్ల ఇప్పుడు ఎమ్మిగనూరులో హైస్కూలుకు పోతోంది, చిన్నమ్మను అమ్మా అని పిలుస్తుంది. సంతోషమే. కానీ నా మనసు అక్కడ ఆగదు. ఆ పిల్లకు ముందు, 'సెలవుల తర్వాత రండి' అని ఎందరికి చెప్పానో లెక్కలేదు. నాకిప్పుడు అన్నీ సెలవులే. ఆ మాట విని మారు మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయిన వాళ్ళలో ఎందరికి ఆ 'తర్వాత' వచ్చిందో, ఇంతవరకూ నాకు తెలియదు.