మాండలేలో కుదిరిన బేరం

మాండలేలో విమానం దిగగానే రన్‌వే వేడి బూట్లలోకి ఎక్కింది. 2025, మయన్మార్‌లో భూకంపం వచ్చిన రోజులు. ఆ దేశంలో అప్పటికే అంతర్యుద్ధం. మా ఇండియన్ ఆర్మీ ఫీల్డ్ హాస్పిటల్ సామాను: టెంట్లు, జనరేటర్, ఎక్స్‌రే పెట్టె, సుత్తులు, మేకులు. ఆర్డర్ ఒక్కటే. చీకటి పడేలోగా ఆపరేషన్ టెంటు నిలబడాలి. నిలబడింది. ఆ తర్వాత భూమి మళ్లీ కదిలింది. టెంటు ఊగింది, పడలేదు.

ఇప్పుడు నేనుండే జర్మనీలో, ఈ మాగ్డెబర్గ్‌లో మన తెలుగు స్టూడెంట్లు అడుగుతుంటారు: "అన్నా, వార్ చూసినవా?" లేదు. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. నేను చూసింది బేరం.

ఒకావిడను మోసుకొచ్చారు. యాభై దాటిన మనిషి, బట్టల కొట్టు యజమాని. కొట్టు గోడ కింద కాలు నలిగింది. పాదం నల్లబడింది. తీయకపోతే ప్రాణం పోతుంది. ఆవిడ ఒప్పుకోదు.

మా సర్జన్ మేజర్‌ది గుంటూరు. నిద్ర లేక కళ్లు పీక్కుపోయాయి.

"ఏమయ్యా హవల్దార్, మీ నాన్నది కరీంనగర్‌లో బట్టల కొట్టన్నావుగా. పో, నువ్వు మాట్లాడు."

"కాలుకు బేరమెన్నడు ఆడలే సార్."

"ఇవాళ ఆడు."

క్యాంటీన్‌లో సబ్బుకు కూడా బేరమాడి తిట్లు తిన్నవాణ్ని. వెళ్లాను. హిందీ వచ్చిన ఊరి మాస్టారు ఒకాయన మా మాటలు అటూ ఇటూ చేరవేశాడు.

"వేళ్లు తీసుకోండి," అంది ఆవిడ.

"చాలవమ్మా. మోకాలి కిందిదాకా."

"మడమ. అంతకు మించి ఇవ్వను."

కొనేవాడు లేచి నాలుగడుగులు వేస్తే కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. మా నాన్న నేర్పిన విద్య. లేచాను, నడిచాను. ఆవిడ పిలవలేదు. ఆవిడా కొట్లో పెరిగిందే. సిగ్గు విడిచి తిరిగొచ్చి కూర్చున్నాను.

"ఇవాళ మోకాలి కింద. రేపైతే మోకాలి పైన. ఎల్లుండికి ఇవ్వడానికి మీరే ఉండరు."

మాస్టారు ఆ మాట చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"కొట్టువాడివా?"

"కొట్టువాడి కొడుకుని."

"మాట మీద ఉంటావా?"

"మోకాలు మీదే, ముట్టుకోం," అన్నాను.

వేలిముద్ర వేసింది. లోపల కోసి చూస్తే మోకాలి కింద బతికున్న కండ లేదు. "పైనే కొయ్యాలి," అన్నారు సర్జన్, తలెత్తకుండా. రంపం అందించాను.

ఆవిడ బతికింది. కొన్నాళ్లకు టెంట్లు విప్పాం, అదే రన్‌వే మీదుగా తిరిగొచ్చాం. రిటైరయ్యాక, నర్సుగా పనిచేస్తున్న నా భార్య వెంట జర్మనీ చేరాను. ఆదివారం పాత సామాన్ల సంతలో ఆమె మోచేత్తో పొడుస్తుంది: "అడుగరాదు? తగ్గిస్తరు." ఓపిక లేదు. చెప్పిన ధర ఇచ్చేస్తాను.

ఆనాడు మాండలేలో, మత్తు దిగి మెలకువ రాగానే ఆ కొట్టావిడ నన్ను దగ్గరికి రమ్మంది. తుంటి దగ్గర బొటనవేలు ఆనించి దుప్పటి మీద జాన పరిచింది. ఒక జాన. రెండోది పూర్తి కాలేదు. మళ్లీ మొదటి నుంచి కొలిచింది, నాకు కనబడేలా, నెమ్మదిగా. చిటికెన వేలు ఆనేచోట, మోకాలు ఉండాల్సిన చోట, ఉత్త పరుపు.